వెళ్ళకూడని ఊరు ఏదండీ?

పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారని మీ శ్రీవారిని అడిగి చూడండి. "ఇంకేముంది, చీరలూ నగలూ కోడళ్ళూ" అని పేపరు వెనక నుంచే జవాబు వస్తుంది. మొన్న సంక్రాంతికి ముందు నిజామాబాద్‌లో మా డాబా మీద సకినాలు చుడుతూ మేం ఎనిమిదిమందిమి మాట్లాడుకున్నది వినుంటే మా వారి చేతిలో పేపరు జారిపడేది. మూడు గంటలసేపు వాదించుకున్నా తేలని విషయం ఒక్కటే. చుట్టపుచూపుగా కూడా వెళ్ళకూడని ఊరు ఏది?

ఈ చర్చ ఊరికే పుట్టలేదు లెండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బులివ్వకుండా తిరిగే వీలు వచ్చింది కదా! అంతకుముందు పుట్టిల్లు, ఆస్పత్రి, పెళ్ళిళ్ళు తప్ప వేరే దారి ఎరగని వాళ్ళం. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని బాసర, వేములవాడ, యాదగిరిగుట్ట అన్నీ చుట్టేశాం. తిరిగినకొద్దీ అభిప్రాయాలు కూడా పెరుగుతాయి. పైగా సకినాల పని ఎలాంటిదో మీకు తెలియంది కాదు. కొత్త బియ్యం నానబోసి పట్టించి, నువ్వులూ వామూ ఉప్పూ కలిపిన తడిపిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ పంచె మీద చుట్టలు చుట్టాలి. చేతులకి క్షణం తీరిక ఉండదు, నోటికి మాత్రం బోలెడంత.

మొదట కామారెడ్డి అక్క అందుకుంది. "ఏమన్న అనుకోండ్రి గని, మీ నిజామాబాదే. పోయినేడు పసుపు దినాలల్ల మార్కెట్ యార్డు దిక్కు వచ్చిన. తుమ్మి తుమ్మి పానం పొయ్యింది. ఇంటికి పొయ్యి చూస్తె తెల్ల దస్తీ పచ్చగయ్యింది."

మాకు రోషం రాదూ! పసుపు వ్యాపారానికి దేశంలో పేరున్న మార్కెట్లలో మాదొకటి. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం 2025లో మా ఊళ్ళోనే పెట్టారు. తుమ్ములొస్తే రానివ్వండి, సీజనులో ఆ కొమ్ముల కుప్పల మధ్య ఒక్కసారి నిలబడి చూడాల్సిందే. అయితే ఎండాకాలం సంగతి మాత్రం ఒప్పేసుకున్నాం. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో మా ఊరికి పగవాళ్ళని కూడా పిలవం. అసలు మా ఊరు బాగాలేదని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే అది దాశరథి కృష్ణమాచార్య గారికి ఉండాలి. నిజాం ప్రభుత్వం ఆయన్ని బంధించి ఉంచింది మా ఖిల్లా జైల్లోనే. అక్కడి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారని చెప్పుకుంటాం. ఇప్పుడు అదే ఖిల్లా గుట్ట మీద రామాలయానికి సాయంత్రంపూట వెళ్తే ఊరంతా కాళ్ళ కింద కనిపిస్తుంది, చల్లగాలి తగులుతుంది. పొద్దు గూకే వేళ వచ్చినవాళ్ళకి ఒక ఊరు, మిట్టమధ్యాహ్నం బస్సు దిగినవాళ్ళకి ఇంకో ఊరు.

ఒకరు హైదరాబాద్ అన్నారు, రోడ్డు దాటడానికే పావుగంట పడుతుందట. ఇంకొకరు రామగుండం ఎండ అన్నారు. వసంతపంచమి నాడు బాసరలో అక్షరాభ్యాసం వరసలో నిలబడి పిల్లాడితో పాటు తనూ ఏడ్చానని ఇంకొకరు. అప్పుడు వర్ని పిన్నిగారు నోరు విప్పారు. నిజాంసాగర్ నీళ్ళు పారాక కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాల్లో వాళ్ళదొకటి. మూడు తరాలైనా ఆ ఇంట్లో మాట ఇంకా అటువైపుదే.

"ఊళ్ళనెందుకర్రా తిట్టడం, బస్టాండుల్ని తిట్టండి" అన్నారావిడ. ఏదో ఊళ్ళో (పేరు వద్దు, మీ ఊరే కావచ్చు) బస్సు దిగితే మరుగుదొడ్డికి తాళం వేసి ఉందట. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. అరవయ్యేళ్ళ మనిషి, షుగర్ పేషెంటు. చివరికి రోడ్డవతల బట్టల కొట్టాయన తన ఇంట్లోకి పంపించాడు. ఆవిడ మొహమాటానికి అక్కర్లేని చీర ఒకటి కొనుక్కుని బయటపడ్డారు. "ఆ ఊళ్ళో ఏం చూశారని అడిగితే నేను తాళంకప్ప చూశానని చెప్తాను" అన్నారు.

అందరం నవ్వాం గానీ, తర్వాత ఒక్కొక్కరే ఒప్పుకున్నాం. బస్సెక్కే రోజు పొద్దుట్నుంచి నీళ్ళు తాగం. ఎనిమిదిమందిలో ఏడుగురికి ఇదే అలవాటు! మీరూ అంతే కదూ? అలా గొంతు ఎండబెట్టుకుంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు వస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉంటారు, మనం తలూపుతూనే ఉంటాం. మగవాళ్ళు ఒక ఊరి గురించి చెప్పేటప్పుడు హోటలు సంగతి చెబుతారు, కోట సంగతి చెబుతారు. మనం ముందు చూసేది నీడ, నీళ్ళు, మరుగు. ఈ మూడూ ఉంటే గుళ్ళో దేవుడు కూడా బాగా కనిపిస్తాడు.

ఈ ఏడుగురిలో లేని ఆ ఎనిమిదోది మా అమ్మాయి. ఇంగ్లండులో హల్ అనే ఊళ్ళో ఎమ్మెస్సీ పూర్తిచేసి వచ్చింది, సీసాడు నీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. "అక్కడ ఈ గొడవ మీద ఏకంగా పుస్తకమే వేశారు తెలుసా" అంది. 2003లోనట. ఏ ఊరు ఎంత దరిద్రంగా ఉందో ఆ ఊళ్ళో ఉండేవాళ్ళనే రాసి పంపమని, వాటికి ర్యాంకులిచ్చి అచ్చేశారట. పేరు 'క్రాప్ టౌన్స్'.

"క్రాపు మంచిదే గదనే. మీ తాత నెలకోసారి చేయించుకునేటోడు" అంది మా అత్తమ్మ. పంచె మీద సకినాలు చెదిరిపోయేలా నవ్వాం. ఆ క్రాపు కాదు నానమ్మా, చెత్త ఊళ్ళు అని అర్థం అని చెప్పేసరికి దానికి గుక్క తిరగలేదు. ఇంతకీ ఆ పుస్తకంలో దేశం మొత్తానికి మొదటి ర్యాంకు ఎవరికనుకున్నారు? హల్‌కే! లక్షలు అప్పుచేసి పిల్లని పంపింది దేశంలోకెల్లా చెత్త ఊరికా అని నా గుండె గుభేలుమంది. 2013లో మళ్ళీ లెక్క వేస్తే మొదటి స్థానం లండన్‌కి వచ్చిందని విన్నాక కాస్త కుదుటపడ్డాను.

హల్ చేపల రేవు. ఎక్కడో ఐస్‌లాండ్ దాకా ఓడల్లో వెళ్ళి కాడ్ చేపలు పట్టుకొచ్చేవాళ్ళు. ఊరంతా చేపల కంపు కొట్టేదని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారట. 1968లో నెల తిరక్కుండా మూడు ఓడలు పోయాయి, 58 మంది చనిపోయారు. అప్పుడు లిలియన్ బిలోకా అనే ఆవిడ, చేపల పని చేసుకునే మనిషి, తలకి స్కార్ఫు కట్టుకుని మిగతా ఆడవాళ్ళని వెంటేసుకుని రేవులోకి వెళ్ళింది. ప్రతి ఓడలోనూ రేడియో ఆపరేటరు ఉండి తీరాలని లండన్ దాకా వెళ్ళి మంత్రులతో పోట్లాడి సాధించింది. తర్వాత 1976లో ఐస్‌లాండ్ తన సముద్రంలో వీళ్ళని చేపలు పట్టనివ్వలేదు. ఓడలు ఆగిపోయాయి, పనులు పోయాయి. కంపు కూడా పోయిందనుకోండి. అలా పాతికేళ్ళు గడిచాక వచ్చిన ర్యాంకు అది.

నేను ఆ కథలోనే ఉన్నాను. మా పైవాటాలో కొత్తగా దిగిన అమ్మాయి, పాపం దానికేం తెలుసు, "మన దగ్గర అయితే బోధన్ అండీ. మొన్న మా వారితో వెళ్ళాను, ఏముందక్కడ?" అనేసింది.

అందరి వేళ్ళూ ఒక్కసారి ఆగాయి. మా వదినదీ మా మేనకోడలిదీ బోధనే. ఇద్దరూ మా మధ్యలోనే కూర్చుని ఉన్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1991 జనవరిలో మా అన్నయ్యకి పెళ్ళిచూపులని బోధన్ శక్కర్‌నగర్ వెళ్ళాం. నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో పెట్టారు. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు చెప్పుకునేవాళ్ళు. మేం వెళ్ళింది చెరకు ఆడే రోజుల్లో. రోడ్డు పొడవునా చెరకు బళ్ళు, ట్రాక్టర్లు. బస్సు దిగకముందే మొలాసిస్ వాసన వచ్చి ముక్కుకి తగిలింది. పుల్లగా, మాడినట్టుగా, కడుపులో తిప్పేలా. నేను పట్టుచీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నదాన్ని క్వార్టర్ లోపలికి వెళ్ళినా తియ్యలేదు. వదిన వాళ్ళమ్మ అది చూసింది. ఏమీ అనకుండా లేచి కిటికీలు మూసేసి ఫ్యాను వేసింది. వెనక పెరట్లో ఆవిడ ఎండబెట్టిన వడియాల మీద పల్చటి పంచె కప్పి ఉంది. పొగగొట్టం నుంచి నల్లటి నుసి రాలుతుందట, ఉతికిన బట్టల మీద కూడా. "అలవాటైతదమ్మా. వాసన వస్తున్నదంటే మిల్లు నడుస్తున్నట్టు. నడిస్తేనే ఫస్టుకు జీతం" అంది నవ్వుతూ. నేను నవ్వలేదు. చాలా ఏళ్ళపాటు బోధన్ ఎందుకెళ్ళవని ఎవరైనా అడిగితే ఆ వాసన తట్టుకోలేనని చెప్పేదాన్ని.

2002లో ఫ్యాక్టరీలో ప్రైవేటు భాగస్వామ్యం వచ్చింది. 2015 డిసెంబరులో మూతపడింది. మామగారి తర్వాత అక్కడే గుమాస్తాగా చేరిన మా అన్నయ్య ఇంటికొచ్చి కూర్చున్నాడు. మళ్ళీ తెరిపిస్తామనే మాట ఎన్నికలప్పుడల్లా వింటున్నాం. 2024లో ప్రభుత్వం ఒక కమిటీ కూడా వేసింది.

పోయినేడు మేనకోడలికి సంబంధం ఒకటి వచ్చింది. జాతకాలు కుదిరాయి, పిల్ల నచ్చింది. పిల్లవాడి తల్లిదండ్రులు ఇల్లు చూసి వెళ్ళారు. వారం తర్వాత మధ్యవర్తి ఫోను చేశాడు. "పిల్లకేం వంక లేదు. ఊరే కళ తప్పి ఉన్నది, రేపు పండగకి పబ్బానికి వచ్చిపోవాలంటే వాళ్ళకు మనసొప్పుతలేదట" అన్నాడు.

ఈ సంగతి డాబా మీద మాలో ఇద్దరికి తెలుసు. పైవాటా అమ్మాయికి తెలీదు. మా మేనకోడలు తలెత్తకుండానే, "ఆ హల్ ఊరి పిల్లలకు సంబంధాలు ఎట్ల వచ్చినయి మరి?" అని అడిగింది. మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. కాసేపటికి, "2017 సంవత్సరానికి ఆ ఊరిని దేశం మొత్తానికి సంస్కృతీ నగరంగా ఎంపిక చేశారు వదినా. ఏడాదంతా నాటకాలు, పాటలు, లైట్లు, ఎక్కడెక్కడి నుంచో జనం" అంది. "ఎన్నేండ్లు పట్టింది?" అంటే "ఆ పుస్తకం వచ్చాక పద్నాలుగు" అంది. మేనకోడలు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని మళ్ళీ పిండి తీసుకుంది.

మా వదిన మాత్రం పైవాటా అమ్మాయి వైపు తిరిగి మెల్లగా అంది. "ఎందుకు లేదమ్మా, మా ఊర్ల రాకాసిపేట ఉన్నది. బకాసురుని ఊరు, ఏకచక్రపురం అంటరు. ఇంటికొక మనిషిని, బండెడు అన్నం పంపేటోళ్ళట. ఈసారి చెప్పి రా, అన్నం నేను పెడుత." ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది.

పండగ అయిన వారానికి నేను బోధన్ బస్సెక్కాను. మా దగ్గర్నుంచి గంట ప్రయాణం. చెరకు బళ్ళు ఎదురొస్తాయేమోనని అలవాటుగా కిటికీలోంచి చూశాను. అటూ ఇటూ వరి నాట్లే. శక్కర్‌నగర్‌లో పొగగొట్టాలు అలాగే ఉన్నాయి, వాటి పైన పొగ లేదు. గాలి శుభ్రంగా ఉంది. కొంగు ముక్కు దాకా పోలేదు, పోయే పనీ లేదు. వదిన వాళ్ళ పెరట్లో వడియాలు ఎండుతున్నాయి, పైన ఏ గుడ్డా కప్పలేదు.

టీ ఇచ్చింది. చక్కెర పొట్లం గూట్లో పెడుతూ, "మహారాష్ట్ర నుంచి వస్తది" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. వాళ్ళమ్మ ఇప్పుడు లేదు. ఆ రోజు కొంగు సంగతి నువ్వు కూడా చూశావా అని వదినని అడుగుదామనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ నోరు రాలేదు.

మీరు ఇటు వస్తే మే నెల తప్పించి ఎప్పుడైనా రండి. వానాకాలం చివర అయితే ఇంకా మంచిది, నిజాంసాగర్‌లో నీళ్ళుంటాయి. పిల్లలుంటే అలీసాగర్ తోట చూపించండి. అంకాపూర్ మీదుగా వెళ్తే అక్కడి నాటుకోడి కూర తినకుండా మాత్రం వెళ్ళకండి, కారం తక్కువ వెయ్యమని ముందే చెప్పుకోవాలి.

నేను బయల్దేరుతుంటే వదిన చెంబుతో నీళ్ళు తెచ్చింది. వద్దన్నాను, బస్సు ప్రయాణం కదా! "తాగి పో. బస్సు వచ్చేదానికి ఇంక అర్ధగంట ఉన్నది, మనింట్ల బాత్రూం ఉన్నది" అంది. రెండు గ్లాసులు తాగాను.