కన్నములోని సొగసు

దొంగతనమును చూచి యానందించుట గృహస్థునకు తగునా? పాతికేండ్లుగా పిల్లలకు నీతిపద్యములు చెప్పి జీతము పుచ్చుకొనుచున్న నేను ఈ ప్రశ్నను నాకు నేనే వేసికొనవలసి వచ్చునని యెన్నడు ననుకొనలేదు. గడచిన వేసవిలో మా యింట జరిగిన యొక చిన్న సంగతి దీనికి కారణము. అది చెప్పుకొన్నగాని నాకు తోచుబాటు లేదు. విన్నపిమ్మట తప్పు నాదేయని చదువరులు తేల్చినను నాకు కోపము లేదు.

మాది కొత్తచెరువు. ఊరిపేరులో చెరువున్నదిగాని మా సీమకు నీటితో నున్న చుట్టరికము మిక్కిలి దూరపుది. అనంతపురపు పీఠభూమి వర్షచ్ఛాయాప్రదేశమని భూగోళపాఠములో చెప్పుదురు. పడమటి కనుమలు మేఘములలోని నీటిని ముందుగానే కాజేసి, మాకు వాన యొక్క నీడను మాత్రము విడిచిపెట్టుచున్నవి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, తక్కినదంతయు ఎండ. వేసవి మధ్యాహ్నములందు తలుపులు, కిటికీలు మూసికొని, ఇల్లు చీకటి చేసికొని కూర్చుండుట మాకు అలవాటు. అట్టి మధ్యాహ్న మొకనాడు, డిగ్రీ చివరియేడు చదువుచున్న మా యమ్మాయి లాప్‌టాపు ముందర పెట్టుకొని యేదో చిత్రము చూచుచుండెను. తొంగిచూచితిని. నలుగురు మగవారు, నడిరేయి, ఒక నగల దుకాణము పైకప్పును తొలుచుచుండిరి.

నాకు కోపము వచ్చినది. "ఇంత చదువు చెప్పించినది దొంగలవిద్య చూచుటకా?" అంటిని.

"ఒక్క అరగంట కూర్చుని చూడు నాయనా. ఆ తర్వాత తిట్టు" అన్నది.

తిట్టుటకే కూర్చుంటిని. అరగంట గడచునప్పటికి తిట్టుటకు నోరు రాలేదు.

ఆ చిత్రము పేరు 'రిఫిఫి'. జూల్స్ దాసిన్ అను దర్శకుడు దానిని 1955లో పారిస్‌లో తీసెను. ఆయన అమెరికావాడు. కమ్యూనిస్టులని పేరుపెట్టి ఆ దేశమున సాగిన వేటలో పని పోగొట్టుకొని యూరపునకు చేరినవాడు. ఆ యేడే కాన్ చిత్రోత్సవమున ఉత్తమదర్శకుని బహుమానమును మరియొకరితో పంచుకొనెను. దోపిడి జరుగునంతసేపు, అనగా దాదాపు అరగంట, తెరమీద ఒక్క మాట లేదు, ఒక్క స్వరము సంగీతము లేదు. మొదట చిన్న బెజ్జము చేసి, దానిగుండ ముడిచిన గొడుగును క్రిందికి దింపి విప్పుదురు. తొలిచినకొలది రాలు సున్నము, పెచ్చులు చప్పుడు లేకుండ ఆ గొడుగులో పడును. మ్రోగవలసిన గంట నోటిని నిప్పులార్పు నురుగుతో కప్పుదురు. చెమట, ఊపిరి, చేతులు, అంతే.

ఏమి చెప్పుదును? ధర్మవరపు మగ్గమువద్ద జరీయంచు నేయు వాని చేతులను గంటసేపు చూచినను విసుగు పుట్టదు. నేర్పరియైన పనివాడు పనిలో మునిగినప్పుడు అతని మౌనమే ఒక శోభ. ఈ దొంగలయందు నేను చూచినది ఆ శోభయే. దోపిడి ముగియగానే నేను లేచి, నా సంస్కృతపుస్తకముల అలమారు వద్దకు పోయితిని. శర్విలకుడు జ్ఞప్తికి వచ్చినాడు.

శూద్రకుని 'మృచ్ఛకటికము' మూడవ యంకమునకు సంధిచ్ఛేదమని పేరు. అనగా కన్నము వేయుట. శర్విలకుడు చారుదత్తుని గోడయెదుట నిలిచి, కన్నము నే యాకృతిలో వేయవలెనని శాస్త్రచర్చ చేయును. విప్పారిన పద్మమా, సూర్యబింబమా, బాలచంద్రుడా, దిగుడుబావియా, స్వస్తికమా? కాల్చిన యిటుకల గోడకు పూర్ణకుంభమే యొప్పునని నిశ్చయించును. కొలత్రాడు మరచివచ్చుటచే తన జందెముతోనే కొలుచుకొనును. తెల్లవారి ఇరుగుపొరుగు చూచినప్పుడు తన పనిని మెచ్చుకొనవలెనని యతని కోరిక. అంతకన్న వింత యేమనగా, ఇల్లు దోపిడియైన చారుదత్తుడే లేచివచ్చి ఆ కన్నపు అందమును మెచ్చుకొనును! దాసిన్ గొడుగునకును శూద్రకుని పూర్ణకుంభమునకును నడుమ ఎన్ని శతాబ్దము లున్నను, రెండును ఒకే చేతి పనివలె నాకు తోచినవి. పూర్వులే మెచ్చినదానిని నేను మెచ్చుట తప్పు కాదని మనస్సు తేలికపడినది.

తరువాతి పదిదినములును మా యమ్మాయి గురువు, నేను శిష్యుడను. 1958లో లూయీ మాల్ తీసిన చిత్రమొకటి చూపినది. అందు జాన్ మొరో అను నటి తన ప్రియుని వెదకుచు రాత్రివేళ షాంజెలిజే వీధిలో నడచును. ఛాయాగ్రాహకుడు ఆన్రీ దకయే ఆమెకు వేరుగ దీపము పెట్టక, దుకాణముల అద్దములనుండి వీధిలోనికి పడు వెలుతురులోనే, పసిపిల్లల తోపుడుబండిలో కెమెరా నుంచుకొని చిత్రించెను. ముఖము వెలుగులోనికి వచ్చును, చీకటిలోనికి పోవును. మనస్సు కూడ నట్లే. అతడే 1967లో జాన్ పియేర్ మెల్విల్ తీసిన 'సమురాయ్'కి కూడ ఛాయాగ్రాహకుడు. కూలికి హత్యచేయు వాని కథ అది. బూడిదరంగు గది, పంజరములో ఒక పిట్ట, మంచముమీద పడుకొని సిగరెట్టు కాల్చుచున్న అలేన్ దెలోన్; మొదటి పదినిముషములలో ఎవరును నోరు విప్పరు. పిదప 1981 నాటి 'దీవా'. అందలి నీలిరంగు ఇప్పటికిని నా కన్నులలో నున్నది.

వీనియందు మనలను పట్టి కూర్చుండబెట్టునది యేమి? కథయందురా, చెప్పినచో రెండుముక్కలు. నాకు తోచినది నీడ. సంస్కృతమున ఛాయ యనగా నీడయు నగును, కాంతియు నగును. వెలుగంతయు ఒక్కమారు కుమ్మరించినచో కన్నులు చెదరునేగాని చూపు నిలువదు. ఇది మా సీమ యెండలో పుట్టినవానికి ఒకరు చెప్పనక్కరలేదు. నా చిన్నతనమున ధర్మవరము దాపుననున్న నిమ్మలకుంటనుండి తోలుబొమ్మలాటవారు వచ్చెడివారు. తెల్లని గుడ్డ, వెనుక దీపము, నడుమ చర్మపు రావణుడు. దీపమునకు దగ్గరైనకొలది రావణుడు పెరిగెడివాడు. ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమెంతో గర్వపడితిమి. ఆ గుడ్డ యెదుట రాత్రియెల్ల కూర్చున్న మనకు ఫ్రెంచివారి నీడ పరాయిది కాదు.

ఈ సిద్ధాంతమునంతయు ఒకరాత్రి భోజనమువద్ద మా యింటావిడకు విస్తరించి చెప్పితిని. ఆమె సాంతము విని, "అంత బాగుంటే నాకూ చూపించండి" అనెను. ఆదివారమునాడు ముగ్గురము కలిసి 'రిఫిఫి' మొదటినుండి చూచితిమి. ఆమె చేటలో శెనక్కాయలు పోసికొని ఒలుచుచు కూర్చుండెను. గొడుగు విప్పుకొన్నప్పుడు ఆమె చేతులును ఆగినవి. నాకు విజయము లభించినట్లయినది.

కాని నేను మొదట లేచిపోయినచోట ఆమె లేవలేదు. అప్పటికి చిత్రము సగము దాటినది, అంతే. దొంగలలో ఒకడు తాను మోహించిన పాటకత్తెకు కొల్లసొమ్ములోని ఉంగర మిచ్చుటచే గుట్టు బయటపడును. వేరొక ముఠావారు, ఈ దొంగలలో నొకని చిన్నకొడుకును ఎత్తుకొనిపోవుదురు. ఒక్కరొక్కరుగా అందరును చత్తురు. కడపట వారి పెద్ద, తుపాకిదెబ్బ తిని నెత్తురోడుచు, ఆ పిల్లవానిని కారులో కూర్చుండబెట్టుకొని తల్లివద్దకు పారిస్ వీధులలో పరుగులు తీయించును. పిల్లవానికి ఇదియంతయు ఆట. చేతిలోని బొమ్మతుపాకి ఝుళిపించుచు కేరింతలు కొట్టుచుండును. ప్రక్కనున్నవాడు చచ్చిపోవుచున్నాడని వానికి తెలియదు.

చిత్రము ముగిసినది. నేను ఛాయాగ్రహణమును గూర్చి యేదో యనబోయితిని. మా యింటావిడ చేట ప్రక్కకు జరిపి, "ఆ పిల్లోనికి రేపట్నుంచి నిద్ర ఎట్ల పడుతుందండీ?" అనెను. పిదప కొంతసేపటికి, "మన పిల్ల ఏడాదిపాటు దీపం ఆర్పనిచ్చిందా?" అనెను.

పదునారేండ్లనాటి మాట. బంధువుల యింట పెండ్లికి పోయి మూడవనాడు తిరిగివచ్చునప్పటికి మా పెరటివైపు మట్టిగోడకు కన్నము పడియున్నది. పుట్టింటివారు పెట్టిన గొలుసు పోయినది. నాలుగేండ్ల పిల్ల వెండికడియములు పోయినవి. గోడను మూడుదినములలో పూడ్పించితిని. పిల్లకు మాత్రము ఏడాది పట్టినది. "గోడలోనుంచి వస్తారు" అని రాత్రులు లేచి యేడ్చెడిది. ఇవి మా యమ్మాయికి జ్ఞప్తి లేవు. నాకు ఉన్నవి, కాని అరగంట దోపిడి చూచి మురిసినప్పుడు ఒక్కమారైనను తలపునకు రాలేదు. దీనికి నేను సిగ్గుపడితిని.

ఆ రాత్రి మరల 'మృచ్ఛకటికము' తీసి, ఈమారు మూడవ యంకపు చివరను చదివితిని. ఇంట దాచుకొమ్మని పరులిచ్చిన నగలు పోయినందుకు, చారుదత్తుని భార్య ధూత తన పుట్టింటి రత్నమాలను తీసి యిచ్చును. శర్విలకుని కళకు వెల యిచ్చినది ఆమె. ఆ పిదప యంకములలో చారుదత్తుని చిన్నకొడుకు బంగారుబండి కావలెనని యేడ్చును, వానికున్నది మట్టిబండి. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నిండ పోయును. నాటకమునకు పేరు వచ్చినది శర్విలకుని కన్నమువలన కాదు, ఆ పిల్లవాని మట్టిబండివలన. ఏండ్ల తరబడి ఆ నాటకమును మెచ్చుకొనుచు నేనీ మాటను గమనింపలేదు.

కావున నా సిద్ధాంతమును దిద్దుకొంటిని. సొగసు గొప్పదే, నీడ గొప్పదే. కాని మంచి చిత్రకారుడు ఆ సొగసుతో మనలను దొంగవెంట గోడలోపలికి తీసికొనిపోయి, లోపల నిద్రించుచున్నవారిని చూపును. మనము మెచ్చుకొన్న చేతులే ఆ పని చేసినవి గనుక తప్పించుకొనలేము. మెల్విల్ చిత్రము చివర ఆ హంతకుని తుపాకిలో గుండ్లు లేవని తెలియును. 'దీవా'లో ఒక తపాలా కుఱ్ఱవాడు, తన గానమును యంత్రములో పట్టనీయని గాయని గొంతును రహస్యముగ పట్టుకొనును. కడపట ఆ దొంగసొమ్మును ఆమెకే వినిపించి యొప్పగించును. నీతివాక్యము లెవ్వరును చెప్పరు. పోగొట్టుకొన్నవారి ముఖము చూపుదురు, అంతే.

మన తెలుగువారికి కూడ ఈ పరీక్ష చెల్లును. 2018లో 'అజ్ఞాతవాసి', 2019లో 'సాహో' వచ్చినప్పుడు, 2008 నాటి తన 'లార్గో వించ్'తో పోలికలున్నవని ఫ్రెంచి దర్శకుడు జెరోమ్ సాల్ బాహాటముగ వ్రాసెను. ఆ తగవు తీర్చుట నా పని కాదు. 2011 నాటి మరియొక ఫ్రెంచి చిత్రము మూలముగ, రాజేశ్ ఎం. సెల్వ దర్శకత్వమున, కమలహాసన్ నటించిన 'చీకటిరాజ్యం' 2015లో మనకు వచ్చినది. మూలము పేరునకు మాటకు మాటగ తెల్లరాత్రి యని యర్థము. నిద్రలేని రాత్రిని వారట్లందురు. వారి తెల్లరాత్రి మనకు చీకటిరాజ్యమైనది! అందును ఒక పోలీసు అధికారి మాదకద్రవ్యముల సంచి కాజేయగా, అతని కొడుకును ఎత్తుకొనిపోవుదురు. ఆ దీపకాంతులు, ఆ పరుగులు మాత్రమే తెచ్చుకొని యుండవచ్చును. పిల్లవానిని కూడ వెంటబెట్టుకొని వచ్చినది. నాకు అది చాలును.

ఇంత వ్రాసి అసలు సంగతి దాచుట న్యాయము కాదు. పూనాలో 1960లో వెలసిన చలనచిత్ర విద్యాలయమున ఛాయాగ్రహణము నేర్వవలెనని మా యమ్మాయి కోరిక. దరఖాస్తు రుసుమును గూర్చి రెండుమారులడిగినది. రెండుమారులును విననట్లు నటించితిని. స్త్రీవిద్యను గూర్చి వేదికలమీద గంటలకొలది మాటలాడినవాడను, కూతురు కెమెరా పట్టుకొని రాత్రులందు పరాయి ఊళ్లలో తిరుగునను తలపునకే జంకితిని. ఆ చిత్రములను మొదట తిట్టబోవుటకు మూలము నీతి కాదు, ఈ జంకే. ఆనాడు మా యింటావిడ దీపమార్పుచు, "దాన్ని పంపించండి. చీకటికి భయపడిన పిల్లే కదా, చీకట్లో ఎవరుంటారో అదే చూపిస్తుంది" అనెను. మరునాడు రుసుము కట్టితిని. సీటు వచ్చునో రాదో దైవమెరుగును.

మొన్న సాయంకాలము మా యమ్మాయి పెరటిగోడ ఫోటో తీసినది. పదునారేండ్ల క్రిందటి అతుకు నీరెండలో వేరురంగుగ తేలియున్నది. ఫోటో చూచి, "అచ్చముగ పూర్ణకుంభమువలె నున్నదే!" అంటిని. ఆమె తల్లి కళ్లజోడు సవరించుకొని చూచి, "కుంభమేం కాదు, కన్నమే" అనెను.