రేవు తగిలేదాకా

పెళ్లయిన మొదటి సంక్రాంతికి అత్తారింటికి బయల్దేరాను. నరసాపురం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లిలో దిగాలి. అప్పట్లో అవతలి ఒడ్డు తూర్పు గోదావరి. 2022లో జిల్లాలు మార్చాక కోనసీమ జిల్లా అయింది. పంటు వద్దనుకుంటే పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి చించినాడ వంతెన ఎక్కాలి. కొత్త అల్లుడికి అంత ఓపిక ఎక్కడిది? కొత్త స్ప్లెండరు, కొత్త ప్యాంటు, సీటు వెనక తాడేసి కట్టిన జంతికల డబ్బా.

కృష్ణ ఒడ్డున బల్లకట్టు అనేదాన్నే మా వైపు పంటు అంటాం. కార్లు, ఆటోలు, చేపల తట్టలు, మోటారు సైకిళ్లు, మనుషులు, అన్నీ దాని మీదే. ఇటు కొసన ఎక్కి అటు కొసన దిగడమే కాబట్టి బళ్లన్నీ అవతలి ఒడ్డుకే మొహం పెట్టి నిలబడతాయి. మొత్తం కథ ఇందులోనే ఉంది.

నేను సెంటర్ స్టాండు వేశాను. రెండు కాళ్ల మీద నిలబెట్టాక ఇంకేం భయమనుకుని, ఓ వారగా నిలబడి గోదారిని చూస్తున్నాను. నీళ్లు పోటు మీదున్నాయి. నది మధ్యలో బండి ఇసుమంత కదల్లేదు. సఖినేటిపల్లి దగ్గరపడింది. పంటు ఒడ్డుకు తగిలింది. చిన్న కుదుపు. నా స్ప్లెండరు మెల్లగా స్టాండు మీంచి ముందుకు దిగి, ఎడమ పక్కకి ఒరిగి పడుకుంది. పంటు నిండా జంతికలు. నన్ను తీసుకెళ్లడానికొచ్చిన బావమరిది నవ్వాపుకోలేక కొబ్బరిచెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

పంటు మీద పనిచేసే పెద్దాయన వచ్చి బండి లేపాడు. సంక్రాంతికి డబ్బాతో దిగే కుర్రాణ్ణి చూస్తే ఎవరో చెప్పక్కర్లేదు కదా.

"అల్లుడుగారూ, నడి గోదాట్లో ఏ బండీ పడదండి. రేవు తగిలినప్పుడే పడుద్దండి. ఆయ్."

ఆ మాట విలువ తర్వాత తెలిసింది. సెంటర్ స్టాండు మీంచి బండి దించాలంటే ఏం చేస్తాం? ముందుకు తోస్తాం. ఒడ్డు చేసేదీ అదే. కింద పంటు ఆగిపోతుంది, పైన సుమారు 110 కిలోల బండి ఇంకా అత్తారింటి వైపు పోతూనే ఉంటుంది. గేర్లో పెట్టినా లాభం లేదు, వెనక చక్రం గాల్లో ఉంటుంది. సైడు స్టాండు వేస్తే రెండు చక్రాలూ కిందే ఆని, బండి ముక్కాలిపీటలా కూర్చుంటుంది. అయితే ముందుకు దొర్లితే ఆ స్టాండూ ముడుచుకునేదే. అందుకని ఇంజను ఆపి మొదటి గేరు వెయ్యాలి, వెనక చక్రం బిగుసుకుంటుంది. స్కూటీకి గేర్లుండవు కనక బ్రేకును జేబురుమాలుతో హ్యాండిలుకి బిగించి కట్టాలి. స్టాండు కాలు బల్లల సందులో దిగబడకుండా కింద ఓ చెక్కముక్క పెట్టాలి. చేపల తట్టల నీళ్లు కారని చోటు చూసుకోవాలి. పక్కనే నిలబడి ముందు బ్రేకు పట్టుకుంటే, ఆ కాస్త రేవుకి ఇంతకన్నా అక్కర్లేదు.

గంటల తరబడి సముద్రం మీద పోయే ఓడల్లో అయితే బండిని కట్టక తప్పదు. అద్దానికీ ఇండికేటరుకీ తాడు వేస్తే అవి ఊడి చేతికొస్తాయి. ముందు ఫోర్కుకీ, ఛాసిస్‌కీ వెయ్యాలి. రెండు పక్కలా సమానంగా కిందికి లాగాలి. ముందు స్ప్రింగులు కొద్దిగా అణిగేదాకా బిగిస్తే, ఓడ ఊగినా కట్టు వదులవదు. మరీ అణగదొక్కితే ఆయిల్ సీళ్లకి చేటు. నైలాను తాడు సాగుతుంది కనక బెల్టు మేలు. గడ్డి బండి కట్టే రైతునడిగినా ఇదే చెబుతాడు: మోపూ బండీ ఒక్కటై ఊగాలి.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మా రేవులో మల్లయ్యకి అంతవరకూ కూడా గౌరవం లేదు, ఒడ్డు పది గజాలుండగానే బోడి అయిపోతాడు. ఒకడు స్టాండు తీసేస్తాడు, ఒకడు న్యూట్రల్ చేస్తాడు, ఇంకొకడు కిక్కు కొట్టి పొగ వదుల్తాడు. నది దాటినంతసేపూ అక్కర్లేని జాగ్రత్తలన్నీ పాటించి, సరిగ్గా కుదుపొచ్చే క్షణానికి అన్నీ విప్పేసి కూర్చుంటాం. అంతర్వేది తీర్థం రద్దీలో చూడాలి, మొదటి బండి ఒరిగితే చివరి బండి దాకా కబురు వెళ్తుంది.

ఇప్పుడు నేను పంటు ఒడ్డుకు తగిలి, మోకు బిగించి, దిగే బల్ల వేసేదాకా గేరు తియ్యను. వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. "మా అల్లుడు పంటు దిగడానికీ ముహూర్తం చూస్తాడు" అని మామగారు ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. నా జాగ్రత్త మీద నాకు నమ్మకం కుదిరింది.

మా ఆవిడకే ఇంకా కుదరలేదు. రేవు దాటేటప్పుడు జంతికల డబ్బా చంకలో పెట్టుకుని బండికి నాలుగడుగుల దూరంలో నిలబడుతుంది.