దోర్నకల్ దేవాలయం నీడలో

విజయవాడ నుండి కాజీపేట వైపు వెళ్ళే రైలులో ఖమ్మం దాటిన కొంతసేపటికి దోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం బొగ్గు గనుల వైపు పోయే లైను ఇక్కడే చీలుతుంది. చుట్టూ మిర్చి చేలు, పత్తి చేలు, అక్కడక్కడ తాటిచెట్లు. పూర్వం నైజాము రాజ్యంలోను, తరువాత వరంగల్ జిల్లాలోను ఉండి, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాకు చెందిన ఈ చిన్న ఊరి పేరు ఒకప్పుడు ఇంగ్లండు సంఘాలలో కూడా వినబడేది. దానికి కారణం బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. కొందరు కాపరులు, సంఘ పెద్దలు, వారి కుటుంబాలతో కలిసి మేము ఆ స్థలాన్ని చూడ వెళ్ళాము.

దేవాలయం ఎదుట నిలబడగానే మాతో వచ్చిన ఒక పెద్దాయన, "ఇది చర్చియేనా అండీ?" అని అడిగారు. ఆయన సందేహం సహజమే. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తుకొస్తుంది. రాతి స్తంభాలు చూస్తే మన ఊరి గుడి మండపం గుర్తుకొస్తుంది. వీటన్నిటి మధ్య సిలువ. ఈ నేల మీద పుట్టిన జనం తమ స్వంత ఇంట్లో ఉన్నట్టుగా ప్రభువును ఆరాధించాలని అజరయ్య గారి కోరిక. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ దేవాలయ ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న. అంటే ఇరవై ఆరేళ్ళు ఆయన పూర్తికాని దేవాలయంతోనే బిషప్‌గా ఉన్నారు. ఈలోగా పల్లెల్లో బడులు లేచాయి, ఉపదేశకులు తయారయ్యారు, విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఇప్పుడు సంఘం ఇంకా పదిమంది కాకముందే గోపురం ప్లాను గీయించేవారిని చూస్తున్నాము కనుక ఈ సంగతి వ్రాయక తప్పలేదు.

అయితే మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది కట్టడం గురించి కాదు, ఆ మనిషి గురించి. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో ఒక కాపరి ఇంట పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పేరు సంపాదించారు. 1902లో పనిమీద సింహళంలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు కొద్దిమందే అయినా స్వంత మిషనరీ సంఘాన్ని నడుపుతున్నారు. తిరునెల్వేలి సంఘం వారికంటె పెద్దది, పేరున్నది. అయినా అటువంటి పని దానికి లేదు. అది చూసి అజరయ్య గారు సిగ్గుపడ్డారు. పొరుగువాని పొలం పచ్చగా ఉంటే మనకు సాధారణంగా కలిగేది అసూయ, లేకపోతే "వాళ్ళకు డబ్బు ఎక్కడినుండి వస్తోందో" అనే మాట. ఆయన మాత్రం తన పొలం బీడుగా ఉందని గుర్తించి ఇంటికి తిరిగి వచ్చారు. మరుసటి సంవత్సరమే, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సంఘం ఏర్పడింది. ఆ సంఘం తెలుగు దేశంలో ఎన్నుకున్న పొలమే దోర్నకల్.

ఇంకా ఒక మెట్టు మిగిలింది. ఇతరులను వెళ్ళమని ప్రోత్సహించే తాను ఎందుకు వెళ్ళకూడదు? 1909లో గురువుగా అభిషేకం పొంది, మంచి ఉద్యోగం విడిచి, భార్య అన్బు మరియమ్మాళ్ గారితో ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై ఐదేళ్ళు. ఆ వయసులో మన తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన మాట్లాడినప్పుడు చాలామంది దొరలకు కోపం వచ్చింది. మిషనరీలు ఎంతో త్యాగం చేశారు గాని మాతో స్నేహం చేయలేదు అన్నది ఆయన మాటల సారాంశం. మూడేళ్ళు తిరగకుండానే ఎత్తయిన పీఠం మీద తానే కూర్చున్నారు! ఎదుట ఉన్నవారు ఎక్కువమంది మాల మాదిగ పల్లెల కూలీలు, తాను పరదేశపు తమిళుడు. దొరలకు చెప్పిన మాట ఇప్పుడు తనమీదికే తిరిగింది. ఎడ్లబండి మీద పల్లె పల్లెకు తిరగడం, పాటలతో బోధించడం, బాప్తిస్మము పొందినవారి చేత తమ తలమీద తామే చెయ్యి పెట్టుకొని సువార్త చెప్పడం తమ బాధ్యతేనని పలికించడం, ఇవన్నీ ఆయన ఆ పీఠంనుండి క్రిందికి దిగిన మార్గాలని మా అభిప్రాయం. పౌలు కూడా ఎఫెసు పెద్దలతో ముందు మీ విషయం చూసుకోండి, తరువాత మంద విషయం అనే వరుసలోనే చెప్పాడు గదా (అపొ. కార్య. 20:28).

మధ్యాహ్నం చెట్టు క్రింద పులిహోర పొట్లాలు విప్పుకున్నప్పుడు మాటలు మనమీదికి మళ్ళాయి. కాపరికి తన లోపం ఎవరు చెబుతారు? కమిటీవారు చెబితే అది ఎన్నికల గొడవ అవుతుంది. పేద విశ్వాసులు చెప్పరు, భయం. ఒక కాపరిగారి భార్య నవ్వుతూ, "మా ఆయనకు చెప్పేదాన్ని నేనొక్కదాన్నేనండీ" అన్నారు. "నేను వింటున్నానా లేదా, వీళ్ళకు చెప్పు" అన్నారు ఆయన. "వింటారు. సోమవారం నుండి శనివారం దాకా వింటారు" అన్నది ఆమె. అందరం నవ్వాము. ఆయన మాత్రం నవ్వలేదు, పొట్లం ప్రక్కన పెట్టి, "ఆదివారం నేను ఎట్లా ఉంటాను?" అని అడిగారు. ఆమె కొంచెం ఆలోచించి, "ఆరాధన అయ్యాక ఎవరు పొగుడుతారా అని గుమ్మం దగ్గర నిలబడతారు. మన పిల్లలు అది చూస్తున్నారు" అని మెల్లగా చెప్పింది. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన కోపగించుకోలేదు. అందరి ఎదుట అడిగినందుకు ఆయనకూ, అబద్ధమాడనందుకు ఆమెకూ మేము మనసులో వందనాలు చెప్పుకున్నాము.

అజరయ్య గారు 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి చేరారు. దోర్నకల్‌లోనే ఆయనను సమాధి చేశారు. మేము అక్కడ చిన్న ప్రార్థన చేసుకొని వెనుదిరుగుతుండగా, మాలో అందరికంటె చిన్నవాడైన ఒక కాపరి ప్రక్క మండలం నుండి వచ్చిన పెద్దను ఆపి, వారి సంఘంలో ఇంటింటి ప్రార్థనలు ఎలా నడుస్తున్నాయో అడిగాడు. నలభై కుటుంబాలే ఉన్న సంఘం అది. వచ్చే నెలలో ఒక వారం వచ్చి ఉండి చూస్తానని చెప్పి, బైబిలు చివరి అట్ట మీద ఆ ఊరి బస్సు వేళలు వ్రాసుకున్నాడు.