అతకని మాటు

చిల్లుపడ్డ బిందెకు మాటు వేయడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడగండి, చెబుతారు. మాట్లు వేసేవాడు ముందు చిల్లు చుట్టూ చిలుము లేకుండా గీకేవాడు. నవాసాగరం పొడి చల్లేవాడు. అక్కడ బిందె బాగా వేడెక్కిన తరవాతనే తగరం తాకించేవాడు. తగరం తాకీ తాకగానే కరిగి, నూనెలాగా పరుచుకునేది. చల్లటి బిందె మీద కరిగిన తగరం పోస్తే మాత్రం అది ముద్దగా నిలబడి, నాలుగు రోజులకే ఊడి వచ్చేది.

రేడియోలూ, టీవీలూ, మీరాడుకునే ఆటపెట్టెలూ అన్నీ ఈనాటికీ ఇటువంటి మాట్ల మీదనే నడుస్తున్నాయి. ఇప్పుడు దాన్ని సోల్డరింగ్ అంటున్నాము, అంతే.

మొన్న వేసవిలో మా పక్కింటి కుర్రవాడు చేతిరుమాలులో ఏదో మూటకట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మూటలో గేమ్‌బాయ్ ఉన్నది. ఇది జపానులో నింటెండో కంపెనీవారు 1989లో తెచ్చిన ఆటపెట్టె. నాలుగు పెన్సిల్ సెల్సు వేస్తే నడుస్తుంది. ఏ ఆట కావాలంటే ఆ ఆట బిళ్ళ వెనక దూర్చాలి. వీడి మేనమామకు చిన్నతనంలో బంధువులెవరో అమెరికా నుంచి తెచ్చి ఇచ్చారట. బిళ్ళ పోకెమాన్ ఆటది.

ఆట ఎంతదాకా వచ్చిందో బిళ్ళలోని ఒక చిప్పు జ్ఞాపకం పెట్టుకుంటుంది. అయితే దానికి కరెంటు అందుతున్నంత సేపే ఆ జ్ఞాపకం. అందుకని లోపల రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి పెడతారు. అది మూడు వోల్టులది. పెట్టె ఆపేసినా అది రాత్రింబగళ్ళు చిప్పుకు చిటికెడు కరెంటు పోస్తూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి పోస్తుంది.

ఇన్నేళ్ళయింది గదా, సెల్ అయిపోతే మామయ్య ఆట పోతుందని మనవాడికి బెంగ పట్టుకున్నది. మామయ్య వచ్చేలోగా కొత్త సెల్ వేసి పెడదామనుకున్నాడు. పాతది ఊడదీశాడు. ఊడదీసిన క్షణానే చిప్పు అంతా మరిచిపోయింది! ఆ సంగతి వాడికి తెలియదు. కొత్త సెల్ పెట్టి, కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ దాని నెత్తిన ఆనించి మాటు వేశాడు. ఆ తరవాత ఆట అసలు మొదలే కాలేదు.

"తాతగారూ, మామయ్య పదిరోజుల్లో వస్తున్నాడు. మీరు చెప్పకండి" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను చెప్పనులేరా. చెప్పవలసింది నువ్వు. ముందు దీని సంగతి చూద్దాం" అన్నాను.

భూతద్దం పెట్టి చూశాము. సెల్ మీద మాటు తామరాకు మీద నీటిబొట్టులాగా గుండ్రంగా కూచుని ఉన్నది. గోటితో గీరితే వచ్చేసింది. ఇంకోచోట మాటు పొంగి, పక్కనున్న భాగం కాలికి వంతెన కట్టింది. అన్నింటికన్నా చెడ్డది మూడోది. ఆకుపచ్చ పలక మీద అతికించిన పల్చని రాగిరేకు, ఎక్కువసేపు కాలడం వల్ల పొరలాగా లేచిపోయింది.

ఇక్కడ మీకొక తమాషా చెప్పాలి. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. సీసం 327 దగ్గర. అయితే నూటికి 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిపితే ఆ మిశ్రమం 183 దగ్గరే కరుగుతుంది! విడివిడిగా రెంటికన్నా తక్కువ వేడికే అన్నమాట. మాటుకు ఇది సరిగ్గా పనికివస్తుంది. ఐతే సీసం విషం. 2006 నుంచి ఐరోపాలో చాలా వస్తువులలో దాన్ని వాడనివ్వడం లేదు. మేము కిటికీలు తెరిచి కూచున్నాము, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాము. మీరు పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇటువంటి పని ముట్టుకోకూడదు.

ఇంకొకటి. ఆ సెల్ లోపల ఉండేది లిథియం. అది 180 డిగ్రీలకే కరుగుతుంది. అంటే మాటు కరిగేదాకా సెల్‌ను కాలిస్తే లోపలి లోహమూ కరగవచ్చు, సెల్ పేలవచ్చు. ఈ మాట వినేసరికి కుర్రవాడి ముఖం పాలిపోయింది. ఇటువంటి పనికి ఫ్యాక్టరీలోనే రెండు రేకు రెక్కలు అతికించిన సెల్సు దొరుకుతాయి. మాటు ఆ రెక్కలకు వేయాలి, సెల్‌కు కాదు. పట్నం నుంచి అటువంటిది ఒకటి తెప్పించాము.

చేసినదాన్ని విప్పడం చేయడంకన్నా కష్టం. పొంగిన మాటు మీద సన్నని రాగితీగలు అల్లిన పట్టీ పెట్టి, దానిమీద ఐరన్ ఆనించాను. ప్రమిదలో నూనె వత్తిలోకి ఎక్కినట్టు కరిగిన మాటంతా పట్టీలోకి ఎక్కిపోయింది. "మళ్ళీ చెయ్యండి, మళ్ళీ చెయ్యండి" అని వాడు గంతులు! మూడోసారి పట్టీ వాడి చేతికే ఇచ్చాను.

లేచిపోయిన రాగిరేకు మళ్ళీ అతకదు. కాని ఆ రేకు నుంచి బయలుదేరిన రాగిబాట పలక మీద కొంతదూరం పోతుంది గదా. ఆ బాట మీది ఆకుపచ్చ పూతను బ్లేడుతో మెల్లిగా గీకితే ఆవగింజంత రాగి తళతళా కనిపించింది. దానిమీద ఫ్లక్స్ పూశాము. మాట్లు వేసేవాడి నవాసాగరం చేసే పనే ఇదీ చేస్తుంది, చిలుమును తినేస్తుంది. ఇప్పుడు వెంట్రుకంత తీగను రాగికి ఆనించి, ఐరన్‌తో ఆ రెంటినీ వేడిచేసి, మాటును ఐరన్‌కు కాక రాగికి తాకించమన్నాను. తాకించాడు. మాటు పరుచుకున్నది. రెండు సెకన్లు పట్టిందో లేదో!

తీగ రెండో కొసను సెల్ రెక్కకు కలిపే ముందు మీటరు పెట్టి, వంతెనలేమీ మిగలలేదని చూసుకున్నాము. ధనధ్రువం ఏవైపో రెండుసార్లు చూసుకున్నాము. ఆట మొదలయింది. లోపల మాత్రం ఖాళీ. మామయ్య ఆట తిరిగి రాలేదు, రాదు కూడా.

మామయ్య వచ్చిన రోజు సాయంత్రం వాడు తనంతట తానే అంతా చెప్పాడట. ఆయన కాసేపు మాట్లాడకుండా బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ తీగ ఎవరు వేశారు?" అని అడిగాడట. ఆట మొదట్లో పేరు రాయమంటుంది. కుర్రవాడు మామయ్య పేరు రాసి, ఆటను భద్రపరచి, పెట్టె ఆపేశాడు. మర్నాడు తెల్లవారగానే మీట నొక్కి చూసుకుని, పళ్ళు కూడా తోముకోకుండా మా ఇంటికి పరుగెత్తుకు వచ్చాడు. పేరు అట్లాగే ఉన్నది.