నొప్పి లేదు కాబట్టే ఉండమంటాం

గర్భిణుల వార్డులో అన్నిటికంటే కష్టమైన పని ఏదని అడిగితే, ఒకే రాత్రి నాలుగు కాన్పులు మీద పడటం అని చెప్పను. ఒంట్లో ఏ బాధా లేని మనిషిని ఆసుపత్రిలో ఉండటానికి ఒప్పించడం అంటాను. జ్వరం లేదు, బీపీ బాగుంది, బిడ్డ కదులుతోంది, అన్నం తింటోంది. మొన్న కనిపించిన నెత్తురు నిన్ననే ఆగిపోయింది. "నొప్పేం లేదు కద సిస్టర్, ఇంటికి పోతం" అంటుంది. భర్త అప్పటికే సంచి సర్దుకుని వరండాలో నిలబడి ఉంటాడు. ఆమె కేస్ షీట్ మీద మాత్రం ఎర్ర సిరాతో 'ప్లాసెంటా ప్రీవియా' అని రాసి ఉంటుంది. దాని కింద, లోపలి పరీక్ష చేయరాదని హెచ్చరిక.

మా ఊళ్ళల్లో దీన్ని 'మాయ కిందికుంది' అంటారు. మాయ మామూలుగా గర్భసంచి పైభాగంలో అతుక్కుంటుంది. కొందరికి కింది భాగంలో, బిడ్డ బయటికి రావాల్సిన దారికి అడ్డంగా అతుక్కుంటుంది. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి కింది భాగం సాగి పల్చబడుతుంది. దాంతో పాటు మాయ సాగదు కాబట్టి అంచు దగ్గర ఊడి నెత్తురు వస్తుంది. మాయ పైన ఉండి కాన్పుకు ముందే విడిపోయే జబ్బు ఇంకొకటి ఉంది. అందులో కడుపు గట్టిపడి మనిషి మెలికలు తిరిగిపోతుంది, ఇంట్లోవాళ్ళు పరుగున తీసుకొస్తారు. ఇందులో అలా కాదు. తెల్లారి లేచేసరికి చీర తడిసి ఉంటుంది, అంతే. మొదటిసారి వచ్చింది చాలావరకు దానంతట అదే ఆగిపోతుంది. వేడి చేసిందేమో అనుకుని మజ్జిగ తాగి పడుకునేవాళ్ళున్నారు. రెండోసారి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో డాక్టరమ్మ కూడా చెప్పలేదు.

అలాగని స్కాన్ రిపోర్టులో 'మాయ కిందికుంది' అని రాసిన ప్రతి ఒక్కరూ బెంగపెట్టుకోనక్కర్లేదు. ఐదో నెల టిఫా స్కాన్‌లో అలా కనిపించిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి నెలలు నిండేసరికి మాయ దారి నుంచి తప్పుకుంటుంది. అది నడిచి వెళ్ళదు, గర్భసంచి పెరిగి దాన్ని పైకి తీసుకెళ్తుంది. మొత్తం గర్భిణుల్లో చూస్తే, కాన్పు నాటికీ అడ్డంగా మిగిలేది సుమారు 200 మందిలో ఒకరికి. అందుకే 32 వారాలప్పుడు మళ్ళీ స్కాన్ చేయిస్తాం, అప్పటికీ తేలకపోతే 36 వారాలకు ఇంకోసారి. మాయ అంచుకూ ముఖద్వారానికీ మధ్య కనీసం 20 మిల్లీమీటర్లు ఉంటే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. దీనికి లోపలి నుంచి చేసే స్కాన్ అంటే అందరికీ భయమే. "చెయ్యి పెట్టొద్దన్నరు, మరి అది పెడతరా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వేలు ముఖద్వారంలోకి పోయి మాయను తాకవచ్చు, స్కాన్ గొట్టం అంతదూరం పోదు. పొట్ట మీద చేసే స్కాన్‌ కంటే అదే కచ్చితంగా చెబుతుంది. ఐదో నెలలో ఏడ్చేవాళ్ళకు ధైర్యం చెప్పడం, ఎనిమిదో నెలలో నవ్వుతూ వెళ్ళిపోతామనేవాళ్ళకు భయం చెప్పడం, రెండూ నా డ్యూటీలోవే.

మా నర్సింగ్ పాఠాల్లో మెకాఫీ, జాన్సన్ అనే రెండు పేర్లు పరీక్ష కోసం బట్టీ పట్టేవాళ్ళం. అంతకుముందు రక్తం కనబడగానే కాన్పు చేసేసేవారట. అలా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు చాలామంది బతికేవారు కాదు. 1945లో బెల్‌ఫాస్ట్‌లో మెకాఫీ, అమెరికాలో జాన్సన్ వేరువేరుగా ఒకే మాట చెప్పారు. తల్లి నిలకడగా ఉంటే తొందరపడొద్దు, ఆసుపత్రిలోనే ఉంచండి, రక్తం సిద్ధంగా పెట్టుకోండి, బిడ్డను ఎదగనివ్వండి. ఆ మాట విలువ నాకు పరీక్ష పాసయ్యాక, వార్డులో అడుగుపెట్టాకే తెలిసింది. ఈ జబ్బుకు ఆగడమే మందు. ఆ ఆగడం ఒట్టి కూర్చోవడం కాకుండా చూసేది నర్సు.

మంచం ఇవ్వగానే నేను చెప్పే మొదటి మాట: "ప్యాడ్ పారెయ్యకు బిడ్డా, నాకు చూపించు." సిగ్గుతో దాచేస్తారు, ఆయమ్మతో బయట వేయిస్తారు. కొందరు ఇంటి నుంచి తెచ్చుకున్న పాత చీర గుడ్డ వాడతారు. ముదురు రంగు గుడ్డ మీద ఎంత పోయిందో ఎవరికీ తెలియదు, అందుకే తెల్లవే వాడమంటాను. ట్రైనింగ్ పిల్లలు వస్తే ముందు తూకం నేర్పిస్తాను. పొడి ప్యాడ్ బరువెంత, తడిసినది ఎంత, ఆ తేడా గ్రాముకొక మిల్లీలీటరు లెక్క. కంటితో అంచనా కడితే పోయినదానికంటే తక్కువే చెబుతాం. తాజా ఎరుపా, పాత గోధుమ రంగా అన్నదీ రాయాలి. బీపీ బాగుందని రాసేసి వెళ్ళిపోతే మాత్రం ఊరుకోను. గర్భిణికి చాలా నెత్తురు పోయేదాకా బీపీ నిలబడే ఉంటుంది. ముందు పరుగెత్తేది నాడి.

మిగతావన్నీ ఆపదకు ముందు చేసి పెట్టుకునే పనులు. రక్తం కనిపించి చేరినవాళ్ళ చేతికి ఆకుపచ్చ కాన్యులా పెట్టి ఉంచుతాం. సన్నది పెడితే అవసరానికి రక్తం వేగంగా ఎక్కదు. 34 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చేలా ఉంటే, బిడ్డ ఊపిరితిత్తులకు బలం రావడానికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, నాలుగు ఇంజెక్షన్లు. నెగటివ్ గ్రూపు అయితే యాంటీ-డి. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ సుక్రోజ్ సెలైన్‌లో ఎక్కిస్తాం. 11 ఉన్న మనిషి అర లీటరు పోయినా తట్టుకుంటుంది, 7 ఉన్న మనిషికి అదే ప్రాణం మీదికొస్తుంది.

పాతకాలంలోలా కదలకుండా పడుకోబెట్టడం లేదు. అలా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. బాత్రూముకు వెళ్ళొచ్చు, వరండాలో నడవొచ్చు. బరువులు, దూర ప్రయాణాలు వద్దు. భార్యాభర్తలు కలవకూడదు. ఈ చివరి మాట డాక్టరమ్మ రౌండ్స్‌లో అందరి ముందూ అనలేదు, అత్తగారు కొడుకుతో అనలేదు. భర్తను మందుల గది దగ్గరికి పిలిచి నేనే చెబుతాను. తలొంచుకుని వింటాడు, అర్థమైందని తలూపుతాడు.

మందుల కంటే ఇంటివాళ్ళ సంగతే ఎక్కువ సమయం తీసుకుంటుంది. అత్త వస్తూనే "బిందె లేపొద్దంటే ఇన్నదా? బొప్పాయి తిన్నదేమో అడుగు సిస్టర్" అంటుంది. "మాయ ఎక్కడ అతుక్కోవాల్నో మొదటి నెలల్నే తేలిపోతదమ్మా. బిందె లేపితే కిందికి జారదు" అని అందరికీ వినబడేలా చెబుతాను. ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు. ఇక తల్లిగారి గొడవ. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, శ్రీమంతం చేసి తీసుకుపోతామంటారు. ఆ పుట్టిల్లు ఏ నల్లమల అంచునో ఉంటుంది. రాత్రిపూట 108కు ఫోన్ చేసినా, బండి వచ్చి మళ్ళీ రక్తనిధి ఉన్న ఊరు చేరేసరికి ఎంతసేపు పడుతుందో అడుగుతాను. వాళ్ళే లెక్కవేసుకుని చెప్తారు. అప్పుడు నేను వాదించాల్సిన పని ఉండదు. ఆసుపత్రికి దగ్గరలో ఇల్లు, ఎప్పుడూ తోడుగా ఒక మనిషి, చేతిలో బండి ఉండి, రక్తం ఆగి రోజులైనవాళ్ళను డాక్టరమ్మ కొన్నిసార్లు పంపుతుంది. ఆ మూడూ ఉన్నాయో లేదో అడిగేది నేనే.

రక్తదాతల సంగతి మరీ చిత్రం. పరామర్శకు పదిమంది వస్తారు, యాపిల్ పళ్ళు తెస్తారు. "గ్రూపు చూపించుకుని వెళ్ళండి" అనగానే వార్డు ఖాళీ అవుతుంది. మగాడు రక్తమిస్తే బలం పోతుందని, తల్లులే కొడుకులను వెనక్కి లాగుతారు.

ఇంటికి పోతానని నాలుగు రోజులు అలిగిన ఒక అమ్మాయి ఒక రాత్రి "సిస్టర్, తడి తగుల్తుంది" అని పిలిచింది. దుప్పటి తీసేసరికి పరుపు నిండా నెత్తురు. నొప్పి అప్పుడూ లేదు. చేతికి కాన్యులా ఉంది, ఫ్రిజ్‌లో ఆమె పేరున రెండు యూనిట్లు ఉన్నాయి, థియేటర్ కింది అంతస్తులో ఉంది. తల్లీ బిడ్డా దక్కారు. అదే ఆమె పల్లెలో జరిగి ఉంటే అని వాళ్ళత్త పదిమందికి చెప్పింది. ఆ తర్వాత ఆ వార్డులో కొన్నాళ్ళు నేను ఎవరినీ బతిమాలాల్సి రాలేదు.

రక్తస్రావం లేకుండా గడిస్తే 36, 37 వారాల మధ్య సిజేరియన్ చేస్తారు. అప్పటిదాకా ఆగినవాళ్ళు "అయితే మంచి రోజు చూసుకొస్తం" అంటారు. పంతులుగారి కంటే ముందు రక్తనిధిని అడగండి అంటాను. బిడ్డ బయటికొచ్చాక కూడా మాకు తీరిక ఉండదు. గర్భసంచి కింది భాగానికి బిగుసుకునే శక్తి తక్కువ, మాయ ఊడిన చోటు నుంచి నెత్తురు పోతూనే ఉండొచ్చు. మొదటి కొన్ని గంటలు ఆమె పక్క నుంచి కదలం.

వీటన్నిటికంటే నాకు భయం కలిగించేది పాత కుట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. ముందు సిజేరియన్ అయినవాళ్ళకు మాయ కిందికి వచ్చే అవకాశం పెరుగుతుంది. వచ్చిందంటే ఆ కుట్టులోకి వేళ్ళూనుకునే ప్రమాదం కూడా ఉంది. మాయ కిందికున్నవాళ్ళలో ఒక సిజేరియన్ అయి ఉంటే వందలో 11 మందికి, రెండు అయి ఉంటే 40 మందికి ఇలా జరిగినట్టు 2006లో అచ్చయిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం చెప్పింది. అలాంటి మాయ ఊడిరాదు, చాలాసార్లు గర్భసంచినే తీసేయాలి. అనుమానం వస్తే మేం ఉంచుకోం, నెత్తురు కనబడకముందే హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి పంపుతాం.

అందుకే డిశ్చార్జి రోజున బిడ్డ బరువు, కుట్ల సంగతి, కుటుంబ నియంత్రణ చెప్పాక కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇస్తాను. మళ్ళీ నెల తప్పితే ఏ ఊళ్ళో చూపించుకున్నా ముందు ఈ కవరు చూపించు, పాత కుట్టు దగ్గర మాయ ఉందా అని స్కాన్ డాక్టర్‌ను నువ్వే అడుగు అని చెబుతాను. పక్కనే ఉన్న అత్తతో ఆ ప్రశ్న నాకు తిరిగి చెప్పించుకుంటాను. రేపు ఆసుపత్రికి తోడొచ్చేది ఆమే కదా.