ఐదు చుక్కల వెనక

పొద్దున పీహెచ్‌సీలో ఏఎన్ఎం మా మనవడి నోట్లో రోటావైరస్ టీకా వేసింది. ఐదే చుక్కలు.

వాడు చప్పరించేశాడు. నేనే ఆ సీసా వంక చూస్తూ ఉండిపోయాను.

ఆ టీకాలోని వైరస్ రకం 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల్లో దొరికింది. సోకినా వాళ్ళకు విరేచనాలు పట్టుకోలేదు! ఎందుకని ఆరా తీశారు డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన బృందం. అది మన హైదరాబాద్ భారత్ బయోటెక్‌లో టీకా అయి బయటికొచ్చేసరికి 2015.

మా అన్నయ్య కూతురు కూడా ఇలాంటి పరిశోధనలోనే ఉంది, వైరాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఏ పెళ్ళికెళ్ళినా ఒకటే ప్రశ్న, "ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ చదువు?"
పాపం, తల వంచుకుంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

మీ ఇళ్ళల్లో ఇలాంటి పిల్లలుంటే, ఏ వైరస్ మీద పని చేస్తున్నారో అడగండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, చదవాలనుంది.