పెనకచెర్ల నీటియొడ్డున ఒక దినము

అనంతపురసీమ యనగానే సోదరీమణులకు ఎండిన చెరువులును, ఎఱ్ఱనేలలును, నల్లని గుండ్లును స్ఫురించును. అది సత్యమే. ఇచట సంవత్సరమునకు సగటున 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియును. నైరృతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనపడును. అట్టి సీమయందు చేపలవేట చూడబోయితిమన్న నవ్వువారుందురు. అయినను మొన్నటి భాద్రపదమాసమున మా కుటుంబమును, మావారి స్నేహితుల కుటుంబములు రెండును గలసి, గార్లదిన్నె మండలమున పెన్నానదిపైనున్న పెనకచెర్ల జలాశయమునకు పోయి యొక దినము గడపివచ్చితిమి.

పెన్న కర్ణాటకమునందలి నందికొండలలో పుట్టి, ఉత్తరముగా మన సీమలో ప్రవేశించి, పిదప తూర్పునకు దిరిగి, తాడిపత్రి, గండికోటల మీదుగా నెల్లూరు దాటి సముద్రమున గలియును. నిడివి 597 కిలోమీటర్లు. పేరునకు పెద్దనదియే గాని, ఇచట పెక్కుమాసములు కనబడునది ఇసుకయే. పెనకచెర్ల జలాశయమునకు ఆధారము ముఖ్యముగా తుంగభద్ర నీరు. 1953లో పూర్తియైన హోస్పేట ఆనకట్టనుండి ఎగువకాలువ మార్గమున అది యిచటికి చేరును. పెన్న కడవ ఖాళీయైనపుడు తుంగభద్ర తన బిందెనుండి వంచి పోయుచున్నదన్నమాట.

స్నేహితులలో నొకరు అమెరికాలో ఉద్యోగముచేసి తిరిగివచ్చినవారు. అచట బాస్ అను చేపను ఈకలయీగతో పట్టుట నేర్చిరి. ఈ గాలమునకు ఎర గ్రుచ్చరు. ముల్లునకు కోడియీకలు, దారములు చుట్టి పురుగువలెనో కప్పవలెనో కనబడజేయుదురు. సీసపుగుండు లేనందున ఆ తేలికవస్తువు తనంతట దూరము పోజాలదు. లావైన దారముయొక్క బరువే దానిని మోసికొనిపోవును. ఆయన కఱ్ఱను ముందువెనుకలకు నూపుచుండగా దారము గాలిలో సాగుచు మరలుచు నుండుట చూచి, మాకు చల్లచిలుకు కవ్వపుత్రాడు జ్ఞప్తికి వచ్చినది.

ఇది మిక్కిలి పాతవిద్య. సుమారు 1,800 ఏండ్లక్రిందట ఏలియన్ అను రచయిత, మాసిడోనియా జనులు ఎఱ్ఱని ఉన్నితోను కోడియీకలతోను చేపలు పట్టుచుండిరని వ్రాసెను. మనదేశమున కల్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు సుమారు 1130లో సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు మత్స్యవినోదమను ప్రకరణమే కలదు. ఏ చేప ఎట్టినీట నుండునో, దేనికి ఎట్టి మేత వేయవలెనో ఆ రాజు ఓపికతో వివరించెను. వంటయింటి మర్మములు తెలిసిన మనకు ఆ ప్రకరణము చదువ ముచ్చటగా నుండును.

బాస్ మన నీళ్లలో లేదు. దానివలె మాటువేసి మీదికి దుముకునది కొఱ్ఱమీను. ఇది నడుమనడుమ నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనును. గట్టుదగ్గర తుంగలో నీరు ఎఱ్ఱగా కదలుట చూచి స్నేహితుని భార్య, “ఏమండీ, అక్కడ వేయండి, పిల్లలు చూస్తారు” అనెను. అంతలో పుట్టి నడుపు మత్స్యకారుని యిల్లాలు వారించినది.

“వద్దయ్యా. ఆ యెర్రగా మసలేది పిల్లల గుంపు. కింద తల్లీ తండ్రీ కావలి ఉంటాయి. ఇప్పుడు ఏమేసినా కరుస్తాయి, ఆకలికి కాదు, కోపానికి. వాటిని పట్టుకుంటే ఈ పిల్లల్ని తక్కిన చేపలు గడియలో తినేస్తాయి.”

కొఱ్ఱమీనుకు తక్కిన చేపలకంటె ఎక్కువ ధర పలుకును. కాబట్టి “మీకు నష్టము కాదా?” యని మేమడిగితిమి. ఆమె నవ్వి, “రేపటికీ కావల్ల గదమ్మా” అనినది.

స్నేహితుడు దారము చుట్టివేసెను. బాస్‌నందును మగచేప గూటిని, పిల్లలను కాచునట. అందుచే అచట కొన్ని రాష్ట్రములలో గ్రుడ్లుపెట్టు కాలమున దానిని పట్టియుంచుకొనుట నిషేధమని ఆయన చెప్పెను. మధ్యాహ్నము జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరుబిండి, పెరుగన్నము భుజించితిమి. సాయంకాలము ఆవలి గుండ్లదగ్గర ఆయనకు మూరెడు కొఱ్ఱమీను చిక్కినది. దానిని ఆ యిల్లాలికే యిచ్చివేసిరి. ఆ నీటిపై జీవించువారు వారు గదా.

ఈ ప్రాంతమునకు రాదలచిన సోదరీమణులు కాలువనీరు వచ్చిన పిదప, వానలు కొంత తెఱపియిచ్చినప్పుడు రావలెను. పిల్లలను తప్పక వెంట తీసికొనిరండు. ఎచటినుండియో వచ్చిన నీటిని కొలిచి వాడుకొనువారిని, పట్టగలిగియు పట్టక విడుచువారిని వారు చూడవలెను. కఱవుసీమ యిల్లాండ్రకు ఈ పొదుపు పుస్తకమున నేర్చినది కాదు. విత్తనపు చెనిక్కాయలను ఎంత ఆకలియైనను ముట్టక దాచిపెట్టు చేతులకది సహజమైన గుణము.